రోహిణి ఎరుపు దుమ్ము వల్ల కాదు: ధూళి మేఘాల దూరంపై అపోహలు - వాస్తవాలు

అపోహ: నక్షత్రం ఎర్రగా ఉందంటే దానికి ముందు దుమ్ము ఉన్నట్టే.

వృషభ రాశిలో పెద్ద ధూళి మేఘం ఉందని తెలియగానే చాలామంది అదే రాశిలో కనిపించే రోహిణి నక్షత్రం ఎరుపును దాని ఖాతాలో వేసేస్తారు. రోహిణి 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, మేఘమేమో 450 దగ్గర. వెనకున్న తెర ముందున్న దీపానికి రంగెలా పూస్తుంది? రోహిణి ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 3,900 కెల్విన్లే, అంత చల్లటి నక్షత్రం ఎర్రగానే వెలుగుతుంది. ఆ ఎరుపు దాని సొంతం. అందుకే ముందు వర్ణపటం (రంగులుగా విడదీసిన కాంతి) చూసి నక్షత్రం అసలు రంగు తేల్చుకుంటాం. కనిపించే రంగులో అంతకు మించి ఉన్న ఎరుపే దుమ్ము చేసిన పని.

అపోహ: దుమ్ము వల్ల వచ్చే ఎరుపు గెలాక్సీల రెడ్‌షిఫ్ట్ లాంటిదే.

కాదు. రెడ్‌షిఫ్ట్‌లో వర్ణపట గీతలు ఎరుపు వైపు జరుగుతాయి. ఇక్కడ గీతలు ఎక్కడివక్కడే, నీలం మాత్రం ఎక్కువగా తగ్గిపోతుంది. సాయంత్రం సూర్యుణ్ణి చూస్తే చాలు.

అపోహ: ఎరుపు ఎంత ఎక్కువైతే మేఘం అంత దూరం.

క్లాసు చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఇదే అంటారు. ఎరుపు చెప్పేది దుమ్ము ఎంతుందో, ఎక్కడుందో కాదు. దూరం నక్షత్రాల దగ్గర అప్పు తెచ్చుకోవాలి. గయా ఉపగ్రహం పారలాక్స్‌తో (భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంటే నక్షత్రం కొద్దిగా పక్కకు జరిగినట్టు కనిపించడంతో) దూరం కొలిచిన నక్షత్రాలను ఆకాశంలో ఒక చిన్న గడి నుంచి తీసుకుని, దూరం అడ్డంగా, ఎరుపు నిలువుగా గ్రాఫ్ గీస్తాం. చుక్కలు కిందనే సాగి సాగి, ఒక చోట మెట్టెక్కినట్టు పైకి లేస్తాయి. చివరి శుభ్రమైన నక్షత్రానికీ, మొదటి ఎర్రబడ్డ నక్షత్రానికీ మధ్యే మేఘం.

అపోహ: బాగా నల్లగా ఉన్న చోటే కొలవాలి.

కొత్తలో నేనూ అదే చేశాను. రాత్రంతా కూర్చుంటే గ్రాఫ్‌లో వెనకవైపు ఒక్క చుక్క కూడా రాలేదు! దట్టమైన దుమ్ము వెనక నక్షత్రాలు గయాకు కనిపించనంత మసకబారిపోతాయి. బర్నార్డ్ 68 అనే చిన్న నల్లటి మేఘం వెనక దాగిన దాదాపు వెయ్యి నక్షత్రాలు పరారుణ కెమెరాకే దొరికాయి. అందుకే మేం మేఘం అంచులు ఏరుకుంటాం, అక్కడ దుమ్ము పలచన.

అపోహ: ఒక మేఘానికి ఒకే దూరం.

వృషభ మేఘంలో ఒక ముక్క సుమారు 420 కాంతి సంవత్సరాల దగ్గరుంటే, మరో ముక్క 530 దగ్గరుంది.