ఎవరికి వేశావని అడిగితే చెప్పనక్కర్లేదు: ఆ వీలు ఎలా వచ్చింది

19వ శతాబ్దం సగం దాటేదాకా ఇంగ్లండ్‌లో చాలా ఊళ్లలో ఎన్నికలు ముగిశాక ఒక పుస్తకం అచ్చయ్యేది. దాన్ని పోల్ బుక్ అనేవాళ్లు. ఓటు వేసిన ప్రతి మనిషి పేరు, చాలాచోట్ల అతని వృత్తి, అతను ఏ అభ్యర్థికి వేశాడన్నదీ అందులో ఉండేవి. డబ్బులిచ్చి ఎవరైనా కొనుక్కోవచ్చు. భూస్వామి ఆ పుస్తకం తిరగేసి తన కౌలుదార్లలో ఎవరు మాట విన్నారో, ఎవరు వినలేదో చూసుకునేవాడు. ఏ కొట్లో సరుకులు కొనాలో, ఏ కొట్టు మానేయాలో దాన్ని చూసి తేల్చుకున్నవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు "ఎవరికి వేశావు?" అని ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకోవచ్చు, కావాలంటే అబద్ధం కూడా చెప్పొచ్చు. అడిగినవాళ్లు నిజం తేల్చుకోలేరు. ఊహ తెలిసినప్పటి నుంచి చూస్తున్నాం కాబట్టి ఇది ఎప్పుడూ ఉన్నదే అనుకుంటాం. నిజానికి ఇప్పుడున్న పద్ధతి పుట్టి 170 ఏళ్లే అయింది. చాలా దేశాల్లో అంతకూడా కాలేదు. "నువ్వు ఏ పార్టీ? ధైర్యం ఉంటే బయటికి చెప్పు" అని ఒకరినొకరు నిలదీసుకోవడం బాగా పెరిగిన ఈ రోజుల్లో, చెప్పకుండా ఉండే వీలు కోసం జనం ఎంతకాలం పోరాడారో తెలుసుకోవడం అవసరమని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఆలోచన మాత్రం చాలా పాతది. బౌద్ధ సంఘంలో భిక్షువుల మధ్య తగవు తెగకపోతే శలాకలతో, అంటే చిన్న పుల్లలతో, అభిప్రాయం తీసుకునే పద్ధతి భిక్షువుల నియమాలు చెప్పే గ్రంథం వినయ పిటకంలో ఉంది. మూడు రకాలుగా తీసుకోవచ్చు: అందరికీ కనిపించేలా, చెవిలో చెప్పి, పూర్తిగా రహస్యంగా. రహస్యంగా తీసుకునేటప్పుడు ఒక్కో వాదానికి ఒక్కో రంగు పుల్ల ఉంటుంది. పుల్లలు పంచే భిక్షువు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, నీకు నచ్చినది తీసుకో, ఎవరికీ చూపించకు అని చెప్పాలి. అయితే ఫలితం ధర్మానికి విరుద్ధంగా వస్తోందనిపిస్తే దాన్ని రద్దు చేసే అధికారం కూడా ఆ పంచే భిక్షువుకే ఉంది. ఆ లోటు ఉన్నా, పెద్దల మొహం చూస్తూ మనసులో మాట చెప్పడం కష్టమని అంత ముందే గుర్తించి అందుకో దారి చూపించారు.

రోమ్‌లో క్రీస్తుపూర్వం 139 దాకా ఓటరు తన ఓటును గుమాస్తాకు నోటితో చెప్పేవాడు. ఆ ఏడాది వచ్చిన గాబీనియస్ చట్టంతో ఎన్నికల్లో పలక మీద రాసి వేయడం మొదలైంది. ఓటర్లు పలకలు వేయడానికి సన్నటి వంతెనల్లాంటి దారుల మీదుగా నడిచి వెళ్లాలి. ఆ దారుల మీద పెద్దమనుషులు నిలబడి పలకల్లోకి తొంగి చూసేవాళ్లు. క్రీస్తుపూర్వం 119లో మారియస్ అనే రోమన్ నాయకుడు ఆ దారుల వెడల్పు తగ్గిస్తూ చట్టం తెచ్చాడు, పక్కన ఇంకొకరు నిలబడే చోటు లేకుండా. తర్వాతి కాలంలో రోమన్ వక్త, రాజకీయ నాయకుడు సిసిరో, జనానికి పలక ఉంటే ఉండనీ గాని దాన్ని ఉత్తములైన పౌరులకు చూపించి వేయాలని వాదించాడు. అంత తెలివైన మనిషి అలా అన్నాడంటే రహస్య ఓటుతో ఎవరి పట్టు సడలిందో ఊహించుకోవచ్చు.

ఆ తర్వాత చాలా శతాబ్దాల పాటు ఈ విషయం పెద్దగా ముందుకు కదల్లేదు. ఇంగ్లండ్‌లో ఓటరు బహిరంగ వేదిక దగ్గరికి వచ్చి, జనం కేకల మధ్య అభ్యర్థి పేరు పైకి చెప్పేవాడు. అక్కడే భూస్వామి తాలూకు మనిషి నిలబడి ఉండేవాడు. 1838లో కార్మికులు ముందుకు తెచ్చిన ప్రజా చార్టర్‌లోని ఆరు డిమాండ్లలో రహస్య ఓటు ఒకటి. పార్లమెంటులో జార్జ్ గ్రోట్ 1830లలో దీనికోసం పదేపదే తీర్మానాలు పెట్టాడు, ప్రతిసారీ ఓడిపోయాయి. 1868 ఎన్నికల తర్వాత వేల్స్‌లోని కార్డిగన్‌షైర్, కార్మర్తన్‌షైర్ ప్రాంతాల్లో లిబరల్ పార్టీకి ఓటేసినందుకు కౌలుదార్లను పొలాల నుంచి వెళ్లగొట్టారు. భూమి, ఇల్లు, బతుకు మొత్తం ఒక్క మాట పైకి చెప్పినందుకు పోయాయి.

అయినా రహస్య ఓటును వ్యతిరేకించినవాళ్లంతా భూస్వాములేమీ కాదు. తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ కూడా వ్యతిరేకించాడు. స్త్రీలకు ఓటు కావాలని పార్లమెంటులో అడిగిన మనిషి ఆయన. తండ్రి జేమ్స్ మిల్ రహస్య ఓటుకు గట్టి మద్దతుదారు, కొడుకు కూడా కుర్రతనంలో అటువైపే ఉండి తర్వాత మనసు మార్చుకున్నాడు. ఆయన వాదం ఇది: ఓటు సొంత ఆస్తి కాదు, ప్రజలు అప్పగించిన బాధ్యత. ఓటు లేనివాళ్ల బతుకులు కూడా ఓటున్నవాడి నిర్ణయం మీద ఆధారపడి ఉన్నాయి. అలాంటప్పుడు అతను ఏం చేశాడో వాళ్లకు తెలియాలి, తలుపు వేసుకుని చేస్తే స్వార్థానికే వేస్తాడు. ఈ వాదాన్ని కొట్టిపారేయలేం. ఓటు వేసేటప్పుడు పక్కవాడి గురించి ఆలోచించాలన్న మాట నాకూ సరైనదే అనిపిస్తుంది. కానీ ఓటరు సమాజానికి జవాబుదారీగా ఉండాలని చెప్పడం తేలిక. అతన్ని నిజంగా నిలదీయగలిగింది సమాజం కాదు, కౌలు కాగితం చేతిలో ఉన్నవాడు, కూలి డబ్బులు ఇచ్చేవాడు. భూస్వాముల ఒత్తిడి తగ్గుతోందని మిల్ నమ్మాడు. ఆయన ఆ మాట రాసిన కొన్నేళ్లకే వేల్స్‌లో ఆ కుటుంబాలు రోడ్డున పడ్డాయి.

దారి చూపింది ఆస్ట్రేలియాలోని బ్రిటిష్ వలస రాజ్యాలు. 1856లో విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియాల్లో రహస్య ఓటు చట్టమైంది. విక్టోరియాలో విలియం నికల్సన్ తీర్మానం గెలిపిస్తే, ఆచరణలో ఎలా ఉండాలో హెన్రీ చాప్‌మన్ రూపొందించాడు. చూడ్డానికి చిన్న విషయాల్లాగే ఉంటాయి. బ్యాలెట్ కాగితం ప్రభుత్వమే అచ్చు వేయాలి. అభ్యర్థులందరి పేర్లూ ఒకే కాగితం మీద ఉండాలి. అది పోలింగ్ కేంద్రంలో మాత్రమే దొరకాలి. ఓటరు మరుగున ఒంటరిగా గుర్తు పెట్టి, మడిచి పెట్టెలో వేయాలి.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు కీలకం ఇందులోనే ఉంది. చెప్పడం ఇష్టం లేనివాడికి చెప్పకుండా ఉండే హక్కు ఇవ్వడం ఒక ఎత్తు. చెప్పాలనుకున్నవాడు కూడా రుజువు చూపించలేకపోవడం ఇంకో ఎత్తు. ఈ పద్ధతిలో "మీరు చెప్పినవాళ్లకే వేశానండీ" అని ఎవరైనా అనొచ్చు, దాన్ని నిరూపించడం మాత్రం కుదరదు. నిరూపణ లేకపోతే డబ్బిచ్చి కొన్నవాడికి గ్యారంటీ లేదు, బెదిరించినవాడికి బెదిరింపు పనిచేసిందో లేదో తెలియదు. రుజువు చూపించే వీలుంటే, చూపించకపోవడమే ఒక నేరమైపోతుంది. అందుకే బలహీనుడి చేతిలో రుజువు లేకపోవడం అతనికి పెద్ద రక్ష.

బ్రిటన్ 1872 జులైలో బ్యాలెట్ చట్టం చేసింది. ఆగస్టు 15న యార్క్‌షైర్‌లోని పాంటిఫ్రాక్ట్ ఉప ఎన్నికలో మొదటిసారి పార్లమెంటు స్థానానికి రహస్య ఓటు పడింది. ఆ ఊరు అతిమధురం బిళ్లలకు పేరు. ఆ బిళ్లల మీద వేసే ముద్రనే బ్యాలెట్ పెట్టెకు సీలుగా వాడారు, ఆ పెట్టె ఇప్పటికీ మ్యూజియంలో ఉంది. గెలిచిన హ్యూ చిల్డర్స్ అంతకుముందు విక్టోరియా వలస ప్రభుత్వంలో పనిచేసినవాడే. పోలింగ్ ఎంత ప్రశాంతంగా జరిగిందో చూసి చాలామంది ఆశ్చర్యపోయారు.

చట్టం చేసినంత మాత్రాన పని అయిపోలేదు. జర్మనీ సంగతి చూడండి. 1871 నుంచి జాతీయ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు రహస్యమేనని కాగితం మీద ఉంది. కానీ ఓటరు చేతికి బ్యాలెట్ ఇచ్చేది పార్టీ మనుషులు, పల్లెల్లో అయితే భూస్వామి మేనేజర్. మరుగు గది, కవరు వచ్చింది 1903లోనే. అప్పుడు కూడా కొన్నిచోట్ల బ్యాలెట్ పెట్టెలుగా సూప్ గిన్నెలు, చుట్టల పెట్టెలు వాడారు. వాటిలో కవర్లు ఒకదాని మీద ఒకటి వరసగా పడతాయి, వచ్చినవాళ్ల వరస రాసుకుంటే ఎవరిది ఏ ఓటో తెలిసిపోతుంది. ప్రష్యా రాష్ట్ర ఎన్నికల్లో అయితే 1918 దాకా నోటితో చెప్పే పద్ధతే నడిచింది. ఫ్రాన్స్‌లో మరుగు గది, కవరు 1913లో వచ్చాయి. అర్జెంటీనాలో 1912లో వచ్చాయి, అక్కడ ఓటు వేసే చోటును చీకటి గది అంటారు. చిలీలో ప్రభుత్వం అచ్చు వేసే ఒకే బ్యాలెట్ 1958లో వచ్చింది. అప్పటిదాకా పెద్ద కమతాల యజమానులు చెప్పినట్టే ఓట్లు పడిన పల్లెల్లో ఆ తర్వాత ఫలితాలు మారిపోయాయి. మనుషులు రాత్రికి రాత్రి మారలేదు, మనసులో ఉన్నది బయటపెట్టడానికి చోటు దొరికిందంతే.

అమెరికా చరిత్రలో ఒక చేదు కూడా ఉంది. అక్కడ పార్టీలే రంగురంగుల కాగితాల మీద తమ బ్యాలెట్లు అచ్చు వేసి పంచేవి, ఎవరి చేతిలో ఏ రంగుందో దూరం నుంచే కనిపించేది. 1888లో మసాచుసెట్స్ ఆస్ట్రేలియా పద్ధతి తీసుకుంది, కొద్ది ఏళ్లలో చాలా రాష్ట్రాలు అనుసరించాయి. దక్షిణాదిలో మాత్రం ఆ అచ్చు కాగితాన్నే చదువురాని నల్లజాతి ఓటర్లను తప్పించడానికి వాడుకున్నారు. పేర్లు చదవలేనివాడికి సాయం అందకుండా చేస్తే చాలు, ఓటు లేనట్టే.

భారతదేశం 1951-52లో తన మొదటి సార్వత్రిక ఎన్నికల్లో ఈ చిక్కును ఇంకోలా దాటింది. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద గుర్తు. ఓటరు తెర వెనక్కి వెళ్లి నచ్చిన పెట్టెలో కాగితం వేస్తే చాలు, చదువుతో పని లేదు. కాగితం మీద ముద్ర వేసే పద్ధతి 1962 సార్వత్రిక ఎన్నికలకు వచ్చింది. 2013లో నోటాకు సుప్రీంకోర్టు దారి తెరిచింది కూడా రహస్యం ఆధారంగానే. అంతకుముందు ఎవరికీ వేయనని చెప్పాలంటే అధికారి ముందు రిజిస్టర్‌లో నమోదు చేయించుకోవాల్సి వచ్చేది.

అదే దేశంలో రహస్యానికి ఒక కంత కూడా పడింది. కాగితాల కాలంలో వేరువేరు బూత్‌ల బ్యాలెట్లు కలిపి లెక్కించే ఏర్పాటు ఉండేది. ఓటింగ్ యంత్రాలు వచ్చాక ఏ బూత్‌లో ఎవరికి ఎన్ని పడ్డాయో విడిగా తెలుస్తోంది. ఒక మనిషి ఓటు దాగినా ఒక వాడ ఓటు దాగదు. యంత్రాల లెక్కలు కలిపి చూపించే టోటలైజర్ కావాలని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది, లా కమిషన్ 2015లో సమర్థించింది. అది అమల్లోకి రాలేదు. "మీ బూత్‌లో మాకు పడలేదు" అని ఒక నాయకుడు అనగలిగే పరిస్థితి పోల్ బుక్ నీడలాంటిదే అని నేననుకుంటాను.

ఓటును వెలుగులోకి లాగితే ఏమవుతుందో కెన్యా 1988లో చూసింది. పాలక పార్టీ అభ్యర్థుల ఎంపికలో ఓటర్లు తమకు నచ్చినవాడి ఫొటో వెనక క్యూ కట్టాలి. పొట్టి క్యూ ఉన్నవాళ్లు గెలిచినట్టు ప్రకటించిన చోట్లున్నాయి. అందరి కళ్ల ముందూ జరిగినా మోసం ఆగలేదు. పైగా ఎవరు ఎటు నిలబడ్డారో అధికారులందరికీ తెలిసిపోయింది.

స్విట్జర్లాండ్‌లోని గ్లారుస్‌లో మాత్రం ఇప్పటికీ ఏడాదికోసారి జనం మైదానంలో చేరి చేతులెత్తి చట్టాలు చేస్తారు. మిల్ చూస్తే సంతోషించేవాడేమో. చెయ్యెత్తినందుకు భూమి పోతుందన్న భయం అక్కడివాళ్లకు లేదు.

ఇప్పుడు సమస్య జేబులో ఉన్న ఫోన్. బూత్‌లో ఫొటో తీసుకుంటే 1856లో అంత కష్టపడి తుడిచేసిన రుజువు మళ్లీ చేతికొస్తుంది. మాఫియా ఓట్లు కొనకుండా ఇటలీ 2008లో ఓటు వేసే గదిలోకి కెమెరా ఫోన్లు తీసుకెళ్లడాన్ని నిషేధించింది. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ 2014లో బ్యాలెట్ ఫొటోలు బయటపెట్టడాన్ని నిషేధిస్తే, కోర్టులు భావప్రకటన స్వేచ్ఛకు విరుద్ధమని కొట్టేశాయి, 2016లో అప్పీలు కోర్టు కూడా అదే చెప్పింది. నేను ఇటలీ వైపే ఉంటాను. నాయకుల గురించి, పార్టీల గురించి నా అభిప్రాయం ఎవరు అడిగినా చెబుతాను, రాస్తాను, వాదిస్తాను. బూత్‌లో ఫొటో మాత్రం తీయను, ఎందుకంటే నేను సరదాగా చూపిస్తే, చూపించడం ఇష్టం లేని పక్కవాణ్ని "నీదేది?" అని అడుగుతారు.