సహజ తారు కలిపితే పల్లె రోడ్డు మన్నుతుందా?

వానలు తగ్గగానే నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో రోడ్ల గొడవ మళ్లీ మొదలైంది. చిప్స్ (సన్న కంకర) లేచి గుంతలు పడ్డాయని ఊళ్లవాళ్లు అంటుంటే, తారులోనే పస లేదని కాంట్రాక్టర్లు చెబుతున్నారు. రిఫైనరీ తారులో భూమిలో దానంతటదే దొరికే సహజ తారు, అంటే కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లోని సరస్సు తారో, అమెరికాలోని యూటాలో తవ్వే గిల్సొనైటో, కలపాలన్న మాట ఈ గొడవలోంచే వచ్చింది.

కంకర రోడ్ల కాలం సంగతి అందరికీ తెలిసిందే. అసలు మలుపు 2000 డిసెంబర్ 25న మొదలైన పీఎంజీఎస్‌వై, అంటే పల్లె రోడ్ల కోసం కేంద్రం తెచ్చిన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన. ఆ పథకంలో చాలా రోడ్లకు పై పొర 20 మిల్లీమీటర్ల ప్రీమిక్స్ కార్పెట్, అంటే తారు కలిపిన చిప్స్‌ను బొటనవేలి మందాన పరిచిన పొర. అది సందులున్న పొర, నీళ్లను ఆపలేదు. ఆపాల్సింది దానిమీద సందులు మూసేలా వేసే పల్చటి తారు పూత, సీల్ కోటు. అక్కడ పిసినారితనం చూపిస్తే మొదటి తుపానుకే నీళ్లు కిందికి దిగుతాయి. అడుగున నల్లరేగడి ఉంటే అది ఉబ్బుతుంది, ఎండాకాలం బీటలిస్తుంది. పై తారు ఎంత మేలురకమైనా ఇక చేసేదేమీ లేదు.

సహజ తారు అమ్మేవాళ్ల మాట పూర్తిగా అబద్ధం కాదు. 1876లోనే వాషింగ్టన్‌లో పెన్సిల్వేనియా అవెన్యూ మీద ట్రినిడాడ్ తారు వేశారు. శుద్ధి చేసిన ఆ సరుకులో సగానికి కాస్త ఎక్కువ తారు, మూడో వంతుకు పైగా మట్టి ఖనిజాలు ఉంటాయి. కలిపితే మిశ్రమం గట్టిపడుతుంది, బరువు లారీల కింద చక్రాల చాళ్లు తక్కువ పడతాయి. కానీ అది హైవేల రోగం. బళ్లు తక్కువ తిరిగే రోడ్డు మీద తారు ఎండకు, గాలికి ముదిరి పెళుసెక్కి చిప్స్‌ను వదిలేస్తుంది. ముదిరిపోయే తారును ముందే గట్టిపరిస్తే ఏం లాభమని ఇంజినీర్లు అడిగితే జవాబేది?

ఇక ‘తక్కువ ట్రాఫిక్’ అన్న మాటే ఇక్కడ చాలాచోట్ల కాగితం మీదిది. తీరంలో రొయ్యల లారీలు, చీమకుర్తి వైపు గ్రానైట్ లారీలు, దమ్ము సీజన్లో కేజ్ వీల్స్ (బురదలో తిరిగే ఇనుప చక్రాలు) తీయకుండానే రోడ్డెక్కే ట్రాక్టర్లు. మెత్తటి పునాది మీద గట్టి పొర వేస్తే ఈ బరువుకు వంగదు, పగులుతుంది.

పీఎంజీఎస్‌వై కాంట్రాక్టులో ఐదేళ్ల నిర్వహణ కూడా కలిసే ఉంటుంది. గడువు దాటని రోడ్డుకు మరమ్మతు చేయాల్సింది వేసిన కాంట్రాక్టరే. పని పూర్తయిన తేదీ రోడ్డు మొదట్లోని బోర్డు మీద ఉంటుంది.