భాగించకుండానే శేషం

2024 అక్టోబరులో బయటపడిన ప్రధాన సంఖ్యకు 4,10,24,320 అంకెలు. అంత పెద్దదాన్ని దేనితో భాగించి చూశారని ఒంగోలు విద్యార్థి ఒకరు అడిగారు. అంకెకు మూడు మిల్లీమీటర్ల చొప్పున రాస్తూ పోతే నెల్లూరులో మొదలై కావలి, సింగరాయకొండ దాటి ఒంగోలు దాకా సాగే సంఖ్య అది. కారణాంకాల కోసం ఒక్కొక్కదానితో భాగిస్తూ కూర్చుంటే ఎప్పటికీ తెమలదు. దాన్ని ప్రధానమని తేల్చిన పరీక్షలో మనకు తెలిసిన భాగహారమే లేదు!

ఆ సంఖ్య 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1. 2 ఘాతంలోంచి 1 తీస్తే వచ్చే ఇలాంటివి మెర్సెన్ సంఖ్యలు. ఘాతం ప్రధానం కాకపోతే ఇదీ కాదు. ఘాతం ప్రధానమైనా నమ్మడానికి లేదు: 2¹¹ − 1 = 2047 = 23 × 89.

తేల్చేది ల్యూకా-లేమర్ పరీక్ష. 4తో మొదలుపెట్టండి. వర్గం చేసి, 2 తీసేసి, మన మెర్సెన్ సంఖ్యతో భాగిస్తే మిగిలే శేషం తీసుకోండి. దానికీ అదే పని. ఘాతం కంటే రెండు తక్కువ సార్లు చేశాక 0 వస్తే ప్రధానం, రాకపోతే కాదు. 2⁷ − 1 = 127కి ఐదు మెట్లు: 4, 14, 67, 42, 111, 0.

భాగించకుండా 67 నుంచి 42 ఎలా వచ్చింది? 67 వర్గంలోంచి 2 తీస్తే 4487. ఇది 35 × 128 + 7. 128ని 127తో భాగిస్తే శేషం 1 కాబట్టి 128లన్నీ ఒకట్లైపోతాయి: 35 + 7 = 42. చివరి మెట్టులో 12319 = 96 × 128 + 31; 96 + 31 = 127, అంటే 0. 0, 1లతోనే రాసే బైనరీలో ఇది ఇంకా తేలిక: చివరి ఏడు బిట్లు, అంటే ఏడు అంకెలు, కత్తిరించి మిగతాదానికి కూడితే చాలు.

అంకెలు కూడి 9తో భాగహారం చూసే సూత్రమూ ఇదే, 10లో 9 పోతే మిగిలేది 1 కనుక. బడిలో దీన్ని బట్టీ పట్టిస్తారు. ఆ ఒక్క కారణం చెబితే 99కి రెండేసి అంకెలు, 999కి మూడేసి అంకెలు కలిపి కూడాలని పిల్లలే కనిపెడతారు. పేరులోని అక్షరాలకు అంకెలిచ్చి, కూడి, అదృష్ట సంఖ్య చెప్పేవాళ్లు తీసేదీ ఈ 9 శేషాన్నే. దానికి మనిషి భవిష్యత్తుతో ఏ సంబంధమూ లేదు.

అసలు కష్టం వర్గం చేయడంలో ఉంది. సంఖ్యను చిన్న చిన్న బిట్ల ముక్కలుగా కోసి పెద్ద గుణకారాన్ని త్వరగా ముగించే ఫాస్ట్ ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ పద్ధతితో గుణిస్తారు. లెక్క దశాంశాల్లో నడుస్తుంది, ఫలితాన్ని దగ్గరి పూర్ణాంకానికి సవరించాలి. పోగైన తేడా 0.5 దాటితే పక్క పూర్ణాంకం చేతికొస్తుంది. 13,62,79,839 మెట్లలో ఎక్కడ ఒక్క బిట్ తప్పినా చివర 0 రాదు, నిజమైన ప్రధాన సంఖ్య చేజారిపోతుంది.

అందుకే ముందు 3 ఘాతాలతో ఫెర్మా పరీక్ష పెడతారు; అది ప్రధానం కావచ్చా లేదా అని మాత్రమే చెబుతుంది. దానికి రాబర్ట్ గెర్బిజ్ కనిపెట్టిన తనిఖీ తోడుంది: నడుమ వచ్చిన ఫలితాల లబ్ధాన్ని అప్పుడప్పుడు మరో దారిలో సరిచూస్తుంది, తేడా వస్తే లెక్కను చివరి సరైన మెట్టుకు వెనక్కి తెస్తుంది. ఈ సంఖ్యను కనిపెట్టిన ల్యూక్ డ్యురాంట్ నడిపిన జీపీయూల్లో (గ్రాఫిక్స్ చిప్పుల్లో) డబ్లిన్‌లోని ఏ100 అనే చిప్పు అక్టోబరు 11న "బహుశా ప్రధానం" అని చెప్పింది. మర్నాడు అమెరికాలోని శాన్ ఆంటోనియోలో ఉన్న హెచ్100 చిప్పు ల్యూకా-లేమర్ పరీక్ష పూర్తిచేసింది, 0 వచ్చింది. ఒకే ప్రోగ్రాంలోని తప్పు అందరినీ మోసం చేయకుండా, వేర్వేరు ప్రోగ్రాంలతో, వేర్వేరు యంత్రాల మీద మళ్లీ మొదటి 4 నుంచి లెక్కకట్టాకే ప్రకటించారు.