ఆర్క్‌రైట్: భోషాణం పోయింది, ఇంటిపేరు మిగిలింది

1881 ఏప్రిల్ 3 రాత్రి బ్రిటన్‌లో తీసిన జనాభా లెక్కల్లో స్మిత్ అనే ఇంటిపేరున్నవాళ్లు నాలుగు లక్షలు దాటారు. స్మిత్ అంటే కమ్మరి. అదే లెక్కల్లో ఆర్క్‌రైట్ అనేవాళ్లు మాత్రం వెతికితేగానీ కనపడరు. ఆర్క్‌రైట్ అంటే భోషాణాలు చేసేవాడు. కమ్మరి ఊరూరా ఉంటాడు, భోషాణాలు చేసేవాడు ఎక్కడో ఒకడుంటాడు, కాబట్టి పేర్ల లెక్క కూడా అలాగే ఉంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. అందులో సగమే నిజం.

బండిచక్రం చేసేవాణ్ణి ఇంగ్లీషులో వీల్‌రైట్ అంటారు. బండి లేని ఊరు లేదు, అయినా వీల్‌రైట్ ఇంటిపేరుగా అరుదు. ఎందుకంటే అదే మనిషిని ఒకచోట కార్ట్‌రైట్ అన్నారు, ఇంకోచోట వెయిన్‌రైట్ అన్నారు, దక్షిణాన వీలర్ అన్నారు. పని ఒకటే, పేరు నాలుగు ముక్కలైంది. మరో సంగతీ ఉంది. ఇంటిపేరు పుట్టేది మనిషిని పక్కవాడి నుంచి వేరుచేయడానికి. నాగలి దున్నేవాళ్లే నిండిన ఊళ్లో ‘దున్నేవాడు’ అంటే ఎవరని తెలుస్తుంది? ఊరికి ఒక్కడే ఉన్న కమ్మరికి ఆ పేరు చక్కగా అతుకుతుంది. స్మిత్‌లు అన్ని లక్షలు కావడానికి కమ్మరులు ఎక్కువగా ఉండటంతో పాటు ఏ ఊళ్లో చూసినా వాళ్లు ఒక్కొక్కరే కావడమూ కారణం.

ఇక ఆ పెట్టె సంగతి. లాటిన్‌లో ఆర్కా అంటే పెట్టె. అది పాత ఇంగ్లీషులోకి వచ్చి ఆర్క్ అయింది. తెలుగు బైబిల్ చదివినవాళ్లకు ఇక్కడో చిన్న సరదా. నోవహు ఎక్కిన ఓడకూ, నిబంధన మందసానికీ ఇంగ్లీషులో ఉన్నది ఈ ఒక్క మాటే. తెలుగు చేసినవాళ్లు ఒకచోట ఓడ అనీ ఒకచోట మందసం అనీ రాశారు. మన ఇంటిపేరుకు సంబంధించింది మందసమే. ఉత్తర ఇంగ్లండ్‌లో గింజలు, ఓట్ పిండి దాచుకునే పెద్ద చెక్క భోషాణాన్ని ఆర్క్ అనేవాళ్లు. రైట్ అంటే చేసేవాడు. ‘ఒప్పు’ అనే అర్థమున్న రైట్‌కూ దీనికీ సంబంధం లేదు.

ఆ భోషాణం తయారీ బల్లలు చేసే వడ్రంగి పనికి కాస్త భిన్నం. ఓక్ దుంగను రంపంతో కోయకుండా, పొరవెంట చీల్చి పలకలు తీసేవాళ్లు. చీల్చిన పలకలో పొర తెగదు కాబట్టి పల్చగా ఉన్నా గట్టిగా ఉంటుంది. ఒక పలక అంచు పక్క పలక గాడిలో కూర్చుంటుంది. నాలుగు మూలలా నిలువు చెక్కలు కిందికి సాగి కాళ్లవుతాయి. నేల తడి పిండికి తగలకుండా కాపాడేది ఆ ఎత్తే. ఇనుప మేకులు వాడరు. పచ్చి ఓక్‌కు బెజ్జం చేసి ఎండిన చెక్క మేకు దిగ్గొడతారు. పచ్చి చెక్క ఆరేకొద్దీ ముడుచుకుని మేకును బిగించి పట్టుకుంటుంది. మేకు కూడా పచ్చిదైతే అదీ ముడుచుకుని ఏడాది తిరిగేసరికి వదులైపోతుంది. మూత ఇంటి కప్పులా రెండువైపులా వాలి ఉంటుంది. ఊడదీసి తిరగేస్తే పిండి పిసికే తొట్టి అని కూడా చెబుతారు.

కొనేవాడికి జీవితకాలం వచ్చే వస్తువు ఇది. అందుకే ఒక్క ఊరి గిరాకీతో చేసేవాడికి పూట గడవదు, చుట్టుపక్కల ఊళ్లకూ చేసిపెట్టాలి. పనివాళ్లు తక్కువమందే ఉండటానికి ఇది ఒక కారణం. అయితే ఆ పేరు ఒక మూలకే పరిమితం కావడానికి కారణం మాట. భోషాణాలు దక్షిణ ఇంగ్లండ్‌లోనూ ఉన్నాయి, కానీ అక్కడ వాటి పేరు వేరు. వడ్రంగిని ఉత్తరాదిలో, స్కాట్లండ్‌లో రైట్ అంటుంటే, దక్షిణాన నార్మన్ ఫ్రెంచి నుంచి వచ్చిన కార్పెంటర్ అన్నారు. ఆర్క్, రైట్ రెండు మాటలూ జనం నోట కలిసి ఉన్న చోటే ఆర్క్‌రైట్ పుట్టాలి. ఆ చోటు వాయవ్య ఇంగ్లండ్‌లోని లాంకషైర్, దాని చుట్టుపక్కల.

ఏ ఇంటిపేరు ఎక్కడ ఎక్కువో చూపే పటం మాటల వల్ల ఎలా మారుతుందో చూడాలంటే ఉన్ని బట్టను దళసరి చేసే పనిని మించిన ఉదాహరణ లేదు. నేసిన ఉన్ని బట్టను నీళ్లలో, పులిసిన మూత్రంలో, ఒక రకం బంకమట్టితో నానబెట్టి కాళ్లతో తొక్కితే జిడ్డు పోయి, పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట దళసరవుతుంది. ఈ పని చేసేవాడు ఆగ్నేయ ఇంగ్లండ్‌లో ఫుల్లర్, నైరుతిన డెవన్, సోమర్సెట్‌లలో టక్కర్, మధ్య ఇంగ్లండ్ నుంచి ఉత్తరానికి వాకర్. తొక్కేవాడు కనుక వాకర్. ఈ మూడు ఇంటిపేర్లూ 1881 పటంలో కూడా దాదాపు అవే హద్దుల్లో కనిపిస్తాయి. బట్ట పరిశ్రమ ఎక్కడుండేదో ఈ పటం సరిగా చెప్పలేదు. 14వ శతాబ్దంలో ఎవరు ఏ మాండలికం మాట్లాడారో మాత్రం బాగా చెబుతుంది.

14వ శతాబ్దమే ఎందుకంటే, మామూలు జనంలో తండ్రికి తగిలిన పేరు కొడుక్కి ఇంటిపేరుగా దిగడం సుమారు 1250కీ 1400కీ మధ్య స్థిరపడింది. ఉత్తరాదిలో ఇంకా ఆలస్యం. ఆ మార్పు చూడాలంటే తలపన్ను జాబితాలు తిరగేయాలి. 1377లో తలకు 4 పెన్నీల చొప్పున అందరికీ ఒకే రేటు, కాబట్టి వృత్తి రాసే అవసరం రాలేదు. 1379లో 16 ఏళ్లు దాటినవాళ్ల మీద హోదాను బట్టి పన్ను వేశారు. మామూలువాడికి 4 పెన్నీలు, చేతిపనివాడికి తరచు 6 లేదా 12. ఎక్కువ ఎందుకు వసూలు చేశారో చూపడానికి గుమాస్తా పేరు పక్కన పని రాయాల్సి వచ్చింది. ఇలా పన్ను లెక్క మనకు నిధి అయింది. పేరులో ఉన్న పనీ, పక్కన రాసిన పనీ ఒకటే అయితే అది ఇంకా ఇంటిపేరు కాకపోవచ్చు, ఆ మనిషికి తగిలించిన గుర్తు కావచ్చు. రెండూ వేరైతే పేరు వారసత్వంగా వచ్చిందన్నమాట. 1413లో వచ్చిన ఒక చట్టం కోర్టు పత్రాల్లో మనిషి పేరుతో పాటు వృత్తి, ఊరు కూడా రాయమంది. ఆ తర్వాత ఈ పోలిక ఇంకా సులువైంది.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. గుమాస్తాలు తరచు లాటిన్‌లో రాసేవాళ్లు. స్మిత్ అని పిలిచే మనిషిని ఫాబెర్ అనీ, ఫుల్లర్‌నో వాకర్‌నో ఫుల్లో అనీ రాశారు. ఫుల్లో అని చూసి ఫుల్లర్ కింద లెక్కవేస్తే ఉత్తరాదిలో లేని ఫుల్లర్లు పుట్టుకొస్తారు. లాటిన్ రూపాలను విడి గడిలో వేసుకుని, పటంలో చేర్చకుండా పక్కన పెట్టడమే మంచిది.

పటం గీయడంలో తప్పులు ఎక్కువగా జరిగేది లెక్కలో. లాంకషైర్ జనాభా 1881లో సుమారు 34.5 లక్షలు, రట్లండ్ అనే బుల్లి కౌంటీ (మన జిల్లా లాంటిది) జనాభా 21 వేలు చిల్లర. మాటవరసకు ఒక పేరు లాంకషైర్‌లో 200 మందికి ఉందనుకోండి, లక్షకు 6 కంటే తక్కువే. రట్లండ్‌లో ఆ పేరున్న ఒక్క కుటుంబం, అయిదుగురు, ఉంటే లక్షకు 23! పటంలో రట్లండ్ ముదురు రంగులో మెరుస్తుంది. ఉత్త సంఖ్యతో గీస్తే నగరాలు మింగేస్తాయి, లక్షకు ఎంత అని గీస్తే బుల్లి కౌంటీలు మోసం చేస్తాయి. రెండు పటాలూ పక్కపక్కన పెట్టుకోవాలి. ఆ పేరున్నవాళ్లు ఇరవై మంది కూడా లేని ప్రాంతానికి రంగు వేయకుండా చుక్క పెట్టాలి. కౌంటీ మరీ పెద్ద కొలత, చర్చి పరిధి మరీ చిన్నది. పేదల సహాయ చట్టం కింద ఏర్పడిన యూనియన్లు, అంటే కొన్ని చర్చి పరిధుల కూటములు, మధ్యస్థంగా ఉంటాయి కనుక చాలామంది వాటినే వాడతారు.

ఆర్క్‌రైట్ పటంలో ఇంకో చిక్కు పత్తి డబ్బు. ఈ పేరును ప్రపంచానికి తెలియజేసిన రిచర్డ్ ఆర్క్‌రైట్ 1732లో లాంకషైర్‌లోని ప్రెస్టన్‌లో పుట్టాడు. మొదట మంగలి, తర్వాత విగ్గులు చేసేవాడు. భోషాణాల జోలికి పోలేదు. నూలు వడికే యంత్రానికి 1769లో పేటెంటు తీసుకుని, 1771లో డెర్బీషైర్‌లోని క్రోమ్‌ఫర్డ్‌లో నీటి చక్రంతో నడిచే మిల్లు మొదలుపెట్టాడు. కొడుకు ఇంకా ధనవంతుడై 1810లో హెరిఫర్డ్‌షైర్‌లో హాంప్టన్ కోర్ట్ ఎస్టేటు, 1819లో ఎసెక్స్‌లో మార్క్ హాల్ కొని తన కొడుకులకు ఇచ్చాడు. కాబట్టి 19వ శతాబ్దపు పటంలో డెర్బీషైర్, హెరిఫర్డ్‌షైర్, ఎసెక్స్‌లలో కనిపించే ఆర్క్‌రైట్‌లను చూసి అక్కడ కూడా ఈ పేరు స్వతంత్రంగా పుట్టిందని ఎవరైనా అంటే, వాళ్లు గుర్తిస్తున్నది భోషాణాల్ని కాదు, భూముల కొనుగోలుని. ఇలాంటివి తేలాలంటే 1700కు ముందు కాలానికి వెళ్లాలి. 1538 నుంచి చర్చి రిజిస్టర్లు ఉన్నాయి. 1641–42లో 18 ఏళ్లు దాటిన మగవాళ్లు చేసిన ప్రమాణాల జాబితాలు కొన్నిచోట్ల మిగిలాయి. 1662 నుంచి 1689 దాకా పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగుల పన్ను ఉండేది, ఆ చిట్టాలూ ఉన్నాయి. ఈ పాత జాబితాల్లో లేకుండా 1881లో మాత్రమే కనిపించే చోటు వలస చోటే అనుకోవాలి.

పేరు అరుదు కావడానికి నాకు బలంగా తోచే కారణం వేరే ఉంది. అది గణితం. 1873లో ఇంగ్లిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక ప్రశ్న వేశాడు: వంశనామాలు ఎందుకు అంతరిస్తాయి? గణితజ్ఞుడు హెన్రీ వాట్సన్ సమాధానం కట్టాడు. మగ సంతానం ద్వారానే పేరు సాగుతుందనీ, ఎంతమంది కొడుకులు పుడతారన్నది అదృష్టమనీ అనుకుంటే, వంశం ఆగిపోయే సంభావ్యతకు ఒక సమీకరణం వస్తుంది. దానికి 1 ఎప్పుడూ ఒక జవాబే. వాట్సన్ అక్కడే ఆగి, అన్ని పేర్లూ చివరికి పోతాయని తేల్చాడు. సగటున ఒకరి కంటే ఎక్కువమంది కొడుకులుంటే 1 కంటే చిన్న జవాబు ఇంకొకటి ఉంటుంది, అసలు జవాబు అదే. ఆయన దాన్ని చూడలేదు.

సగటున సరిగ్గా ఒక కొడుకు పెళ్లాడి పిల్లల్ని కంటాడనుకుని లెక్కిద్దాం. మొదటి తరంలోనే 37 శాతం వంశాలు ఆగిపోతాయి. అయిదు తరాలకు 73 శాతం. ఇరవై తరాలకు, అంటే సుమారు 600 ఏళ్లకు, 91 శాతం. ఇప్పుడు 1350 ప్రాంతంలో ఏ చుట్టరికమూ లేని పదిమంది భోషాణాల వడ్రంగులు వేర్వేరు ఊళ్లలో ఆర్క్‌రైట్ అనే పేరు పొందారనుకోండి. ఇరవై తరాల తర్వాత ఒక్క వంశమూ మిగలకపోయే అవకాశం 40 శాతం. ఒక్కటే మిగిలే అవకాశం 38. రెండు, అంతకంటే ఎక్కువ మిగిలేది 22. పేరు మిగిలిందని ముందే తెలిస్తే, దాని వెనక ఒకే వంశం ఉండే అవకాశం మూడింట రెండు వంతులకు దగ్గర. మొదలుపెట్టింది పదిమంది! స్మిత్‌లు వేలల్లో మొదలయ్యారు కాబట్టి ఇదే జల్లెడ వాళ్లను ఏమీ చేయలేదు.

డీఎన్ఏ ఫలితాలు చదివేటప్పుడు ఈ లెక్క గుర్తుండాలి. తండ్రి నుంచి కొడుక్కి ఇంటిపేరులాగే వై క్రోమోజోమ్ కూడా దిగుతుంది. 2000లో జన్యుశాస్త్రవేత్త బ్రయాన్ సైక్స్ తన ఇంటిపేరే ఉన్న 48 మందిని పరీక్షిస్తే, సగానికి కొంచెం తక్కువమందికి ఒకే రకం వచ్చింది. అయితే ఆయన చూసినవి నాలుగే గుర్తులు, అంటే క్రోమోజోమ్ మీద పోల్చిచూసే చోట్లు. అంత తక్కువతో చుట్టరికం లేనివాళ్లు కూడా కాకతాళీయంగా కలుస్తారు. 2009లో జన్యుశాస్త్రవేత్తలు టూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ 40 ఇంటిపేర్లున్న 1,678 మందిని 17 గుర్తులతో చూశారు. అరుదైన ఆటెన్‌బరో పేరున్నవాళ్లలో దాదాపు 87 శాతం ఒకే వంశానికి చెందారు. స్మిత్‌లలో అలాంటి కలయికే లేదు. పేరు ఎంత అరుదైతే వై క్రోమోజోమ్‌లు అంత దగ్గర. దీన్ని చూసి ‘ఈ పేరు ఒకే మనిషితో పుట్టింది’ అనేస్తారు చాలామంది. పదిమందితో పుట్టి ఒక్కడి సంతతే మిగిలినా ఫలితం అచ్చం ఇలాగే ఉంటుంది. ఈ రెంటినీ విడదీయగలిగేది పాత కాగితాలే, డీఎన్ఏ పరీక్ష కాదు.

వేరే రకం వచ్చిందని వంశం వేరనడమూ తొందరపాటే. దత్తత, తల్లి ఇంటిపేరు నిలిచిపోయిన బిడ్డలు, ఆస్తి కోసం భార్య వైపు పేరు పెట్టుకున్న అల్లుళ్లు, ఇలా తరానికి 2 శాతం చొప్పున గొలుసు తెగుతుందనుకున్నా ఇరవై తరాలకు అసలు క్రోమోజోమ్ మూడింట రెండు వంతుల మందిలోనే ఉంటుంది. పరీక్షకు మనుషుల్ని ఎంచేటప్పుడు అన్నదమ్ములు, పినతండ్రి పిల్లలు ఉండకూడదు. కనీసం తాతల దాకా వేరైన శాఖలు కావాలి. లేదంటే ఒకే ఇంటిని పదిసార్లు లెక్కపెట్టినట్టే.

పేరు అర్థం తేల్చేటప్పుడు నేటి ఇంగ్లీషును నమ్మితే దెబ్బతింటాం. కవర్డ్ పిరికివాడు కాదు, ఆవుల కాపరి. ఫార్మర్ అనే పేరు చాలాచోట్ల రైతుది కాదు, పన్నులు గుత్తకు తీసుకుని వసూలు చేసేవాడిది. పేరు స్థిరపడిన శతాబ్దంలో, ఆ ప్రాంతంలో, ఆ మాటకు ఏ అర్థముందో చూడాలి.

దిశ కూడా చూసుకోవాలి. డెర్బీషైర్‌లో చెస్టర్‌ఫీల్డ్ దగ్గర ఆర్క్‌రైట్ టౌన్ అనే చిన్న ఊరుంది. ఊరి పేరు ఇంటిపేరవడం ఇంగ్లండ్‌లో మామూలే కాబట్టి, ఆర్క్‌రైట్‌లు ఇక్కడివాళ్లేనేమో అనిపిస్తుంది. జరిగింది తిరగబడి: మిల్లు యజమానుల కుటుంబం పేరు ఆ ఊరికి వచ్చింది. 1988లో కింద ఉన్న బొగ్గు గని నుంచి మీథేన్ వాయువు ఇళ్లలోకి ఎక్కడంతో, 1990లలో జనాన్ని పక్కనే కొత్తగా కట్టిన ఇళ్లలోకి మార్చి పాత ఊరిని చాలావరకు కూల్చేశారు. పటంలో పేరు అదే, చుక్క మాత్రం కొంచెం జరిగింది.