కర్నూలు గుహల్లో దొరికిన అడవి గాడిద

అడవి గాడిద అనగానే గుజరాత్‌లో లిటిల్ రణ్ ఆఫ్ కచ్ గుర్తొస్తుంది, నెర్రెలిచ్చిన ఉప్పునేల మీద దుమ్ము లేపుకుంటూ పరిగెత్తే గుంపు ఫోటో ఎక్కడో ఒకచోట అందరం చూసే ఉంటాం. అది ఎడారి జంతువు అనే నేనూ అనుకునేవాణ్ణి. మన బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహల గురించి చదివాక ఆ నమ్మకం పోయింది.

1884 ప్రాంతంలో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ ఆ సున్నపురాయి గుహల్ని తవ్వారు. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో పాతరాతియుగం పనిముట్టు కనిపెట్టింది కూడా ఈ ఫుట్టే. గుహల్లో దొరికిన ఎముకల్ని శిలాజాల నిపుణుడు రిచర్డ్ లైడెక్కర్ పరిశీలించి 1886లో లిస్టు అచ్చు వేశాడు, అందులో ఖడ్గమృగం ఉంది, హైనా ఉంది, ఈక్వస్ ఆసినస్ అనే పేరు కింద గాడిద కూడా ఉంది. ఆ పేరు అసలు ఆఫ్రికా గాడిదది, మన దేశంలో అడవి గాడిదేమో ఈక్వస్ హెమియోనస్, కాబట్టి ఆ పేరుని అంత గట్టిగా పట్టుకోనక్కర్లేదని నా అభిప్రాయం. ఇవాళ అడవి గాడిదలున్న చోటికీ బేతంచెర్లకీ మధ్య వెయ్యి కిలోమీటర్ల పైనే దూరం ఉందన్నది మాత్రం మామూలు విషయం కాదు. ఖడ్గమృగానికి నీళ్లూ పొదలూ కావాలి, గాడిదకి కనుచూపు మేర బయలూ గడ్డీ కావాలి, రెండూ ఒకే ప్రాంతపు గుహల్లో దొరికాయంటే ఆ రోజుల్లో కర్నూలు సీమ ఎలా ఉండేదో కాస్త ఊహించుకోవచ్చు. ఈ మధ్య మళ్లీ తవ్వి 2014లో వేసిన పేపర్ ప్రకారం అక్కడి పొరలు సుమారు 2 లక్షల ఏళ్ల వెనక్కి వెళ్తాయి, గుర్తుపట్టిన 21 రకాల క్షీరదాల్లో గెలాడాకి (ఇథియోపియా కొండల్లో గడ్డి మేసే కోతి) దగ్గరి కోతి ఒక్కటి తప్ప మిగతావి ఉపఖండంలో ఏదో ఒక మూల బతికి బయటపడ్డాయి.

అసలు ఒక పన్ను చూసి అప్పటి వాతావరణం ఎలా చెప్తారు అంటే, జొన్న, సజ్జ లాంటి వేడి ప్రాంతపు గడ్డిజాతులు గాలిలోంచి కార్బన్ తీసుకునే పద్ధతి వేరు, చెట్లూ వరీ తీసుకునే పద్ధతి వేరు, అందుకని వాటిలో బరువు కార్బన్‌కీ తేలిక కార్బన్‌కీ ఉండే నిష్పత్తి మారుతుంది. జంతువు ఏది తింటే ఆ నిష్పత్తి పంటి ఎనామెల్‌లో పడిపోతుంది, ఒకసారి ఏర్పడ్డాక ఎనామెల్ ఇక మారదు, వేల ఏళ్ల తర్వాత కూడా అది మేసింది గడ్డా ఆకులా అన్నది ల్యాబ్‌లో తేలుతుంది. ఏ జంతువో తేల్చడమే ఒక్కోసారి ఎక్కువ కష్టం. కచ్‌లోని సుర్కోటడా హరప్పా సైట్‌లో దొరికిన పళ్లూ ఎముకలూ పెంపుడు గుర్రానివని హంగరీకి చెందిన శాండోర్ బొకోని అంటే, రిచర్డ్ మెడో ఒప్పుకోలేదు, అడవి గాడిదవి కూడా అయ్యుండొచ్చుగా అన్నది అసలు గొడవ. నిపుణులకే అంత తికమక.

ఇక యూరప్ కథ నన్ను బాగా కదిలించింది. అక్కడా ఒక అడవి గాడిద ఉండేది, సన్నకాళ్లు, చిన్న పళ్లు. ఇటలీలో ఒట్రాంటో దగ్గర రొమనెల్లి గుహలో దొరికిన ఎముకల్ని బట్టి 1907లో రెగాలియా అనే ఇటలీ శాస్త్రవేత్త దానికి హైడ్రంటినస్ అని పేరు పెట్టాడు, హైడ్రంటమ్ అంటే ఒట్రాంటో పాతపేరు. పళ్లు చూసి జీబ్రాకి చుట్టం అన్నవాళ్లూ ఉన్నారు, చివరికి పాత డీఎన్ఏ తీసి చూస్తే మన ఆసియా అడవి గాడిదకే దగ్గరి బంధువని తేలింది. మంచుయుగంలో స్పెయిన్ నుంచి ఇరాన్ దాకా బయళ్లలో తిరిగిన ఈ జంతువుని చలి చంపలేదు. సుమారు 11,700 ఏళ్ల కింద మంచుయుగం ముగిసి వాన పెరిగింది, గడ్డి బయళ్లని అడవి కమ్మేసింది, గాడిదలు స్పెయిన్, ఇటలీ, బాల్కన్ ప్రాంతాల్లో ఎక్కడికక్కడ ముక్కలుగా మిగిలిపోయాయి, అలా విడిపోయిన చిన్న గుంపుల్ని వేటాడటం మనిషికి ఎంతసేపు! మనకి పచ్చగా కనిపించేదంతా అన్ని జంతువులకీ మంచిది కాదని ఇక్కడే అర్థమైంది నాకు.

మన గాడిద మాత్రం రణ్‌లో బతికింది. గుజరాత్‌లో ఘుడ్‌ఖర్ అంటారు, ఆ ఖర్ మన ఖరమే. అది ఉప్పుని ఇష్టపడి అక్కడ ఉండట్లేదు, ఉప్పునేలలో దాదాపు ఏదీ మొలవదు, అది మేసేది ఎత్తుగా ఉండే బేట్ అనే దిబ్బల మీది గడ్డి, చుట్టుపక్కల పొలాలు. సాగుకి పనికిరాదని మనిషి వదిలేసిన చోటు కాబట్టి అక్కడ మిగిలింది. రోగాలతో కుప్పకూలి 1969 లెక్కల్లో 362కి పడిపోయింది, తర్వాత అభయారణ్యం పెట్టి కాపాడితే 2024కి 7,672 అయ్యాయి, ఈ అంకె చూస్తే నిజంగా సంతోషం వేస్తుంది.

కానీ ఇప్పుడు ఆ బేట్‌ల మీదకి సర్కారు తుమ్మ పాకుతోంది, మన చెరువుగట్ల మీద ఉండేదే. గడ్డి ఉన్నచోట ముళ్లపొద లేస్తోంది. దాని తియ్యటి కాయల్ని ఎండాకాలం గాడిదలే తింటాయి, గింజలు పేడలో పడి మళ్లీ మొలుస్తాయి, అలా తన మేతబీడుని మూసేసే చెట్టుని అదే మోసుకెళ్లి కొత్త బేట్ మీద వేస్తోంది.