నగకు ఎదురుగా ఏముందో చూడండి

నున్నగా పాలిష్ పెట్టిన బంగారు ఉంగరాన్ని ఫోన్‌తో దగ్గరగా తీస్తే మధ్యలో నల్లటి మరక ఒకటి పడుతుంది. అది మురికి కాదు, నీడా కాదు. ఫోన్ ప్రతిబింబం. బంగారం నీలి కాంతిని చాలావరకు మింగేసి పసుపు, ఎరుపు కాంతుల్ని వెనక్కి పంపుతుంది కాబట్టి దానికి ఆ రంగు వచ్చింది. అంతకుమించి మనకు దాని మీద కనిపించేదంతా ఎదురుగా ఉన్నవాటి బొమ్మే. ఎదురుగా తెల్ల కాగితం ఉంటే వెలుగుతుంది, చీకటి గది ఉంటే నల్లబడుతుంది. నగల ఫొటోల్లో అసలు పని కెమెరా బటన్ల దగ్గర లేదు, నగ చుట్టూ ఏం పెట్టామన్న దాంట్లో ఉంది.

చదునైన పతకమైతే కొద్దిగా వంచితే చాలు, ఫోన్ బొమ్మ పక్కకు తప్పుకుంటుంది. కాంతి ఏ కోణంలో వచ్చి తాకుతుందో అదే కోణంలో అవతలికి పోతుంది కదా. ముత్యంతో ఆ పని జరగదు. గుండ్రటి వస్తువును ఎటు తిప్పినా కెమెరాకు ముఖాముఖిగా ఉండే చోటు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అంచుల వైపు వెళ్ళేకొద్దీ మీ చొక్కాతో సహా గదంతా అందులో ఇమిడిపోతుంది. ఎర్ర చొక్కా వేసుకుని తెల్ల ముత్యాలు తీస్తే ప్రతి ముత్యంలోనూ ఎరుపు కనిపిస్తుంది. బూడిదరంగు బట్టలు వేసుకోవడం, గదిలో ట్యూబ్‌లైట్ ఆపేయడం ఇక్కడ చాదస్తం కాదు.

కెమెరా బొమ్మను తీసేయలేనప్పుడు చిన్నది చేయాలి, అంటే దూరం జరగాలి. చాలా ఫోన్లలో మాక్రో మోడ్ పెడితే అల్ట్రావైడ్ లెన్స్ పనిచేస్తుంది. నగకు మూడు, నాలుగు సెంటీమీటర్ల దాకా వెళ్తేగానీ నిండుగా రాదు. అంత దగ్గర్లో ఫోనే కాంతికి అడ్డం నిలుస్తుంది, ముందున్న రాయి ఉబ్బినట్టూ వెనకున్నది కుంగినట్టూ వస్తాయి. 2 లేదా 3 రెట్ల జూమ్‌తో 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరం నుంచి తీసి, తర్వాత కత్తిరించుకోవడం మేలు. పాత డీఎస్ఎల్ఆర్ ఉంటే ఎక్స్‌టెన్షన్ ట్యూబులు, అంటే కెమెరాకు, లెన్స్‌కు మధ్య తగిలించే బోలు గొట్టాలు, చవకైన దారి. 50 ఎంఎం లెన్స్‌కు 36 ఎంఎం ట్యూబ్ తగిలిస్తే సెన్సర్ మీద బొమ్మ అసలు సైజులో ఏడు పదోవంతుల దాకా వస్తుంది. కానీ పూర్తి అసలు సైజు దగ్గరికి వెళ్ళేసరికి లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/11కు మూసినా (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) స్పష్టంగా వచ్చే లోతు ఒక మిల్లీమీటరు చుట్టుపక్కలే. ఎఫ్/22కు మూస్తే లోతు పెరుగుతుంది గానీ, సన్నని రంధ్రం దగ్గర కాంతి పక్కలకు విచ్చుకోవడం వల్ల బొమ్మంతా మెత్తబడుతుంది. ఎఫ్/8, ఎఫ్/11 మధ్య ఆగి, ఫోకస్‌ను అర మిల్లీమీటరు చొప్పున జరుపుతూ పది పదిహేను ఫొటోలు తీసి కలపడమే సరైన పద్ధతి.

సామగ్రి ఏ స్టేషనరీ షాపులోనైనా, హైదరాబాద్ కోఠిలోని ట్రూప్ బజార్ లాంటి చోట ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా దొరికేదే: 12 వాట్ల ఎల్ఈడీ బల్బులు రెండు, ఏ3 సైజు ట్రేసింగ్ పేపర్లు, తెల్ల థర్మోకోల్ షీటు, నల్ల చార్టు, ఫోన్ స్టాండు. బల్బులు ఒకే కంపెనీవి, ఒకే రకంవి కావాలి. పెట్టె మీద సీఆర్ఐ (వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 లేదా అంతకన్నా ఎక్కువని ఉన్నవి తీసుకోండి. మామూలు బల్బుల వెలుగులో ముదురు ఎరుపు తక్కువగా ఉంటుంది, దాంతో కెంపులు గోధుమరంగుకు తిరుగుతాయి. ట్రేసింగ్ పేపర్‌ను నగకు 10, 15 సెంటీమీటర్ల పక్కన నిలబెట్టి, దాని వెనక మరో 20 సెంటీమీటర్ల దూరంలో బల్బు పెట్టాలి. బల్బు కాగితానికి మరీ దగ్గరైతే మధ్యలో ఒక్క చోటే వెలుగు పేరుకుంటుంది, బంగారం మీద ఆ మచ్చే కనిపిస్తుంది. అవతలి పక్క థర్మోకోల్. హాలోజెన్ బల్బు వాడొద్దు: థర్మోకోల్ కరుగుతుంది, లాడ్ బజార్ గాజులైతే వాటిలో ఉన్న లక్క వేడికి మెత్తబడి రాళ్ళు కదులుతాయి.

మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు, బల్బు మినుకు అందుకు రెట్టింపు. కెమెరా ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 లేదా 1/100 సెకను పెడితే ఫొటోలో అడ్డచారలు రావు. ఐఎస్ఓ (కాంతికి సెన్సర్ స్పందన) 100, రెండు సెకన్ల టైమర్. వైట్ బ్యాలెన్స్‌ను తెల్ల కాగితం మీద సరిచేసి అక్కడే ఉంచండి. ఆటోలో వదిలేస్తే ఫ్రేము నిండా పసుపు చూసి, వెలుగే పసుపేమో అనుకుని కెమెరా దాన్ని తగ్గిస్తుంది, 22 క్యారట్ల హారం ఇత్తడిలా పాలిపోతుంది. కిటికీ వెలుగు, బల్బు వెలుగు కలిపినా ఇదే బాధ. ఎక్స్‌పోజర్, అంటే ఫొటోలోకి వచ్చే వెలుగు, అర స్టాప్ తగ్గించాలి (ఒక స్టాప్ తగ్గితే వెలుగు సగమవుతుంది). బంగారపు మెరుపుల్లో సెన్సర్ పట్టగలిగిన హద్దుకు ముందుగా నిండిపోయేది ఎరుపు. అది నిండాక చెక్కడం పోయి చదునైన పసుపు ముద్ద మిగులుతుంది.

చుట్టూ తెలుపే పెట్టినా ఇబ్బందే. ఉంగరం అంచులు తెల్ల నేపథ్యంలో కలిసిపోతాయి. ఫ్రేముకు కాస్త బయట, రెండు పక్కలా వేలెడు వెడల్పున్న నల్ల చార్టు ముక్కలు నిలబెడితే లోహం అంచున సన్నని ముదురు గీత వస్తుంది, గుండ్రదనం తేలుతుంది. నక్షీ పనికి, కాసులపేరుకు ఇంకోలా: దీపాన్ని బల్లకు 20, 30 డిగ్రీల ఎత్తుకు దించి పక్కనుంచి పంపితే లక్ష్మీదేవి బొమ్మ ఉబ్బెత్తుగా నిలుస్తుంది.

పత్తర్‌గట్టి నుంచి తెచ్చుకున్న ముత్యాల దండను చుట్టూ తెల్ల గుడారం లాంటి లైట్ బాక్సులో పెట్టి తీయడం నాకు అస్సలు నచ్చదు. ముత్యం పైపొరలో అరగొనైట్ అనే ఖనిజపు పలకలు ఒక్కొక్కటి దాదాపు అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందంతో దొంతరగా ఉంటాయి. ఆ మందం కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరగా ఉండడం వల్ల వేర్వేరు పొరల నుంచి తిరిగివచ్చే కాంతులు కలిసి, ఆ గులాబీ, పచ్చ ఛాయలు పుడతాయి. మంచి ముత్యాన్ని గుర్తుపట్టేది అందులో దీపం ప్రతిబింబపు అంచు ఎంత పదునుగా ఉందో చూసి. నాలుగు వైపులా తెలుపే ఉంటే అంచన్నదే ఉండదు, ముత్యం ప్లాస్టిక్ పూసలా వస్తుంది. ట్రేసింగ్ పేపర్ ముందు నల్ల చార్టు పెట్టి, అందులో ఆరు సెంటీమీటర్ల చదరపు కిటికీ కోయండి. ప్రతి ముత్యం మీదా ఒకే చోట ఒక చిన్న మెరుపు, ఎదుటి పక్కకు వెళ్ళేకొద్దీ మెల్లగా ముదిరే బూడిదరంగు కనిపిస్తాయి. కాంతి తక్కువైతే బల్బును ముందుకు జరపండి.

రాళ్ళకు మెత్తటి వెలుగు చాలదు. వజ్రం వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంతగా వంచుతుందో చెప్పే అంకె, 2.42. లోపలికి వెళ్ళిన కాంతి వెనక ముఖాన్ని, దానికి లంబంగా ఉన్న గీత నుంచి 24.4 డిగ్రీలకు మించిన కోణంలో తాకితే బయటికి పోలేక లోపలే తిరిగి, పైనుంచి చిన్న చిన్న మెరుపులుగా వస్తుంది. ఆ మెరుపు కావాలంటే చిన్న దీపం ఉండాలి. పైన ఒక పక్కగా, 50 సెంటీమీటర్ల దూరంలో, కాగితం అడ్డం లేని చిన్న ఎల్ఈడీ టార్చి చాలు. కట్ వజ్రంలో కెమెరా వైపు నుంచి వచ్చే కాంతికి కూడా వాటా ఉంటుంది. ఫోన్ మరీ దగ్గరికొస్తే రాయి మధ్యలో నల్లబడేది అందుకే. కుందన్, పచ్చి పనిలో రాళ్ళ వెనక రేకు ఉండి వెనకవైపు మూసి ఉంటుంది, కింద నుంచి వెలుగు పంపి లాభం లేదు. ముందు నుంచి టార్చిని అటూఇటూ జరుపుతూ, రేకు పట్టుకున్న కోణం దగ్గర ఆపాలి. కెంపుల పతకమున్న ముత్యాల దండకు నల్ల చార్టులో కోసిన కిటికీ నుంచి వచ్చే వెలుగు, టార్చి రెండూ కావాలి. ఒక్కో దీపంతో ఒక్కో ఫొటో తీసి కలుపుకోవచ్చు, ఫోన్ మాత్రం వెంట్రుకవాసి కూడా కదలకూడదు.

లాకర్ రికార్డు కోసమో, బీమా కోసమో హాల్‌మార్కును కూడా తీసి ఉంచుకోండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 22కే916 లాంటి స్వచ్ఛత, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఆ నగకు మాత్రమే ఇచ్చే గుర్తింపు కోడ్) లేజర్‌తో చెక్కి ఉంటాయి. ఉంగరం లోపల ఉంటే కెమెరా ఎంత వాలుగా చూస్తోందో అవతలి పక్క అంతే వాలుగా ఒక తెల్ల కాగితాన్ని వెలిగించి పెట్టాలి. నున్నటి లోహం ఆ తెలుపును కెమెరాలోకి పంపుతుంది, చెక్కిన గీతలు కాంతిని చెదరగొట్టి నల్లగా తేలుతాయి. చదునైన పతకం వెనకైతే ఫొటో ఫ్రేములోని గాజు పలకను కెమెరాకు, నగకు మధ్య 45 డిగ్రీల వాలులో నిలిపి పక్కనుంచి దీపం వేయండి. గాజు అందులో పదో వంతు కాంతిని సూటిగా కిందికి దించుతుంది. మిగతాది గాజు దాటి ఎదుటి గోడ మీద పడి ఫొటోను పాలిపోయేలా చేస్తుంది కాబట్టి అటువైపు నల్లగుడ్డ కట్టాలి. గాజు మీద వేలిముద్ర ఉన్నా అక్షరాలు మసకబారతాయి. ఫొటోలో చదివిన హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, వచ్చిన వివరాలు నగతో సరిపోయాయో లేదో అక్కడే చూసుకోవచ్చు.