అమెరికా గనుల్లో ప్రమాదాల లెక్క: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో గని ప్రమాదాలు, గాయాలు, వృత్తి రోగాల నమోదంతా 'పార్ట్ 50' అనే నిబంధనల మీద నడుస్తుంది. 1978 నుంచీ ఉన్న ఈ నిబంధనల అమలు కార్మిక శాఖలోని గనుల భద్రతా విభాగం చూస్తుంది. వాడుకలో దాన్ని 'ఎమ్‌షా' అంటారు. ఇతర పరిశ్రమల భద్రత చూసే 'ఓషా' విభాగం నిబంధనలు తెలిసినవాళ్లు, మన 1952 గనుల చట్టం కింద పనిచేసి వచ్చినవాళ్లు ఇక్కడ తరచూ తడబడతారు. మాటలు అవే, అర్థాలు వేరు.

అపోహ: ఎవరికీ దెబ్బ తగలకపోతే యాక్సిడెంట్ కాదు.

పార్ట్ 50లో 'యాక్సిడెంట్' అంటే 12 రకాల ఘటనలు. చాలావాటిలో గాయం ఊసే ఉండదు. భూగర్భ గనిలో మంట కనబడ్డాక 10 నిమిషాల్లో ఆరకపోతే యాక్సిడెంట్. ఉపరితలంలో 30 నిమిషాలు. పనిచేసే చోట కప్పును పట్టి ఉంచే రూఫ్ బోల్టు బిగిసిన పొర దగ్గరో, దానికి పైనో కప్పు కూలితే కింద మనిషి లేకపోయినా యాక్సిడెంటే. గనిలోకి దిగే షాఫ్ట్‌లో మనుషుల్నీ సరుకునూ దించి ఎక్కించే హాయిస్టు దెబ్బతిని 30 నిమిషాలకు మించి వాడకానికి రాకపోయినా అంతే.

వీటిలో ఏది జరిగినా 15 నిమిషాల్లోపు ఎమ్‌షాకు ఫోన్ చేయాలి. 2006లో సేగో గనిలో 12 మంది చనిపోయాక అదే ఏడాది ఈ గడువు పెట్టారు. 'మేనేజరు వచ్చి చూశాక చేద్దాం' అని ఆగడమే కొంప ముంచుతుంది. మొదటి ఫోన్‌కు పూర్తి వివరాలు అక్కర్లేదు.

అపోహ: ఆసుపత్రికి తీసుకెళ్తే రిపోర్టు, లేకపోతే లేదు.

ఎక్కడ చూపించారన్నది కాదు, ఏం చేశారన్నది ముఖ్యం. డాక్టరే గాయం కడిగి కట్టు కట్టినా అది ఫస్ట్ ఎయిడే. ఎక్స్‌రే తీసి ఎముక బాగానే ఉందని తేలితే దాన్నీ చికిత్స అనరు. కుట్లు పడితే మాత్రం వైద్య చికిత్సే. కంట్లో నలుసు కడిగితే పోయిందా, ఫస్ట్ ఎయిడ్. గుచ్చుకున్న ముక్కను తీయాల్సి వచ్చిందా, రిపోర్టు. అందుకే ఆసుపత్రి బిల్లు పక్కన పెట్టి చికిత్స కాగితం చదవాలి.

అపోహ: మర్నాడు లైట్ డ్యూటీ ఇస్తే లెక్కలోకి రాదు.

వస్తుంది. గాయమైన రోజు తర్వాత ఏ ఒక్కరోజైనా మనిషి తన పనులన్నీ చేయలేకపోయినా, వేరే పనికి మార్చినా, చికిత్స లేకపోయినా సరే, అది రాయాల్సిన గాయమే. డ్రిల్లర్‌ను టూల్ రూమ్‌లో కూర్చోబెడితే పనికి రాని రోజులు సున్నా అవుతాయి, పరిమిత పని రోజులు పెరుగుతాయి, అంతే. మన పాత చట్టంలోలా 72 గంటలైనా పనికి దూరమవ్వాలన్న గీత ఇక్కడ లేదు.

ప్రమాదం, గాయం, రోగం ఏదైనా ఎమ్‌షాకు రిపోర్టు చేసే ఫారం 7000-1 వెళ్లాల్సింది 10 పనిదినాల్లో. మనిషి ఇంకా పనిలోకి రాలేదని ఫారం ఆపకూడదు. తిరిగి పనిలోకి వచ్చిన వివరాలు రాసే 'డి' భాగం ఖాళీగా వదిలి మిగతాది పంపి, వచ్చాక అది పూర్తి చేయాలి. రోజుల లెక్కలో గాయమైన రోజు, ఎలాగూ పని లేని సెలవు రోజులు కలపరు. ఓషాలో క్యాలెండర్ రోజులు లెక్కిస్తారు; అక్కడి ఎక్సెల్ షీటును తెచ్చి వాడితే అంకెలన్నీ తప్పుతాయి.

అపోహ: తప్పు కార్మికుడిదే అయితే రాయక్కర్లేదు.

తప్పెవరిదన్న ప్రశ్న నమోదుకు అడ్డు రాదు. రిపోర్టు పంపడం తప్పు ఒప్పుకోవడం కాదు.

అపోహ: గని వల్లే వచ్చిందని రుజువైతేనే రోగం రాయాలి.

నిర్వచనంలో ఉన్న మాట 'పని వల్ల వచ్చి ఉండవచ్చు' అనే. దుమ్ములో పనిచేసిన మనిషి ఛాతీ ఎక్స్‌రే, ఊపిరితిత్తుల్లో దుమ్ము మచ్చలను కొలిచే అంతర్జాతీయ కార్మిక సంస్థ (ఐఎల్‌ఓ) వర్గీకరణలో 1/0 లేదా ఆపైన వస్తే ఎమ్‌షా దృష్టిలో అది వృత్తి రోగ నిర్ధారణే. ఏ చెవిలోనైనా 2000, 3000, 4000 హెర్ట్జ్‌ల వద్ద వినికిడి తొలి పరీక్షతో పోలిస్తే సగటున 25 డెసిబెల్స్ తగ్గితే అదీ రాయాల్సిందే. గడువు నిర్ధారణ రోజు నుంచి నడుస్తుంది.

అపోహ: ప్రమాదమే లేని త్రైమాసికంలో పంపేదేమీ ఉండదు.

ఫారం 7000-2 ఉంటుంది, త్రైమాసికం ముగిశాక 15 రోజుల్లో. పని గంటలు రాసేది అందులోనే. గాయాల సంఖ్యను 2,00,000తో గుణించి ఆ గంటలతో భాగిస్తే గాయాల రేటు వస్తుంది. ఏడాదిలో 80,000 గంటలకు రెండు గాయాలైతే 5. జీతాల పట్టీలోంచి సెలవు గంటలూ కలిసి 88,000 పడితే అదే గని 4.55 చూపిస్తుంది. గంటలు హాజరు పట్టీ నుంచి తీసుకోండి. ఫారాల నకళ్లు 5 ఏళ్లు ఉంచండి.